రికార్డు చీటీ, వెండితెర, పూజగది: ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మూర్తి నిర్మాణం

1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడిన గౌహర్ జాన్ పాట ముగియగానే తన పేరును తానే ఇంగ్లీషులో ప్రకటించుకొన్నది. మైనపు ముద్రలు ఓడలో జర్మనీలోని హనోవరు నగరానికి చేరేవి. రికార్డులు అచ్చయ్యేది, చీటీలు అంటించేది అక్కడే. ఏ ముద్ర ఎవరిదో ఆ కార్మికులకు తెలియాలి. కచేరీలో ఎదురుగా కూర్చున్న శ్రోతకు గాయని ఎవరో చెప్పవలసిన పని లేదు. మనిషి నుండి గొంతు విడివడిన మరుక్షణమే దానికొక పేరు, ఒక చీటీ, క్రమంగా ఒక బొమ్మ అవసరమయ్యాయి. ఆ అవసరాన్ని ఎవరు, ఏ విధంగా తీర్చారన్నది దక్షిణాది సంగీత చరిత్రలో స్వర విశ్లేషణకు దొరికినంత శ్రద్ధకు నోచుకోలేదు.

తొలినాళ్ల దక్షిణాది రికార్డు గాయనులు సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ అని ఊరిపేరుతో ప్రసిద్ధులు. దేవదాసీ, కలావంతుల కుటుంబాలలో వంశం తల్లివైపు నుండి సాగేది కనుక ఊరు, తల్లి పేరు గుర్తింపుగా నిలిచేవి. 1916లో మదురైలో జన్మించి, సుమారు పదేళ్ల వయసులోనే రికార్డుకు పాడిన సుబ్బులక్ష్మి పేరు ముందున్న అక్షరాలూ అటువంటివే. ‘ఎం’ మదురై, ‘ఎస్’ ఆమె తల్లి, వైణికురాలు షణ్ముఖవడివు. పేరు ముందు అక్షరం కనిపిస్తే ఇంటిపేరు అనుకోవడం తెలుగు పాఠకుడికి అలవాటు. ఇక్కడ ఆ అలవాటు పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. తరువాతి కాలపు ప్రచారంలో ‘ఎం.ఎస్.’ అనే రెండు అక్షరాలే ఒక ముద్రగా స్థిరపడ్డాయి. అవి తల్లి పేరును మోస్తూనే, విడదీసి చదవనవసరం లేనంత పరిచితమై, ఆ పేరును కనుమరుగు చేశాయి.

1940లో ఆమెను వివాహమాడిన టి. సదాశివం ‘ఆనంద వికటన్’ పత్రికలో ప్రకటనల విభాగం చూసినవాడు. 1941 నాటి ‘సావిత్రి’ చిత్రంలో ఆమె నారద పాత్ర ధరించి సంపాదించిన పారితోషికం అదే ఏడు ఆరంభమైన ‘కల్కి’ పత్రికకు పెట్టుబడి అయింది. పత్రికకు గాయని సొమ్ము, గాయనికి పత్రిక ప్రచారం: ఈ పరస్పరత యాదృచ్ఛికం కాదు. ఏ కచేరీ ఒప్పుకోవాలి, ఏ సహాయనిధికి పాడాలి, ఏ ఫొటో బయటికి పోవాలి అన్న నిర్ణయాలలో సదాశివానిదే పైచేయి అని ఆమె జీవితచరిత్రకారులు చిత్రించారు. 1937లో నర్తకి బాలసరస్వతితో కలిసి ఆంగ్లేయుల రాత్రిదుస్తులలో, చేత సిగరెట్టుతో సరదాగా దిగిన ఛాయాచిత్రం దశాబ్దాల పాటు లోకం కంట పడలేదు. ఆ నవ్వు ప్రచారమూర్తిలో ఇమడదు.

ఈ మూర్తికి పునాది వేసింది వెండితెర. ఎల్లిస్ ఆర్. డంగన్ దర్శకత్వం వహించిన ‘మీరా’ 1945లో తమిళంలోను, 1947లో హిందీలోను విడుదలయింది. హిందీ చిత్రం ఆరంభంలో సరోజినీ నాయుడు తెరపై కనిపించి గాయనిని ఉత్తరాది ప్రేక్షకులకు పరిచయం చేసింది. హైదరాబాదులో పుట్టిన కవయిత్రి, జాతీయోద్యమ నాయకురాలు స్వయంగా ఇచ్చిన ఈ యోగ్యతాపత్రం ముందు ఏ గోడపత్రికా సాటిరాదు. దీని తరువాత సుబ్బులక్ష్మి మరి ఏ చిత్రంలోనూ నటించలేదు. కనుక తెరపై చివరిగా మిగిలింది మీరాయే. పాత్రకు, నటికి మధ్య గీత చెరిగిపోయింది. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చినదీ 1947లోనే. ఒక సమాజపు కళావృత్తి చట్టవిరుద్ధమైన ఏడే, ఆ సమాజంలో పుట్టిన గాయని దేశమంతటికీ భక్తురాలిగా సాక్షాత్కరించింది.

లాంగ్‌ప్లే రికార్డు రాకతో పరిస్థితి మరింత మారింది. పాత 78 రికార్డుకు మూడు, మూడున్నర నిమిషాల పాట, కాగితపు సంచి, మధ్యలో చిన్న చీటీ మాత్రమే ఉండేవి. లాంగ్‌ప్లే ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సాగేది. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల అట్టతొడుగు రంగుల పటానికి చోటిచ్చింది. 1963లో వెలువడిన ‘శ్రీ వేంకటేశ సుప్రభాతం’ ఈ వెసులుబాటును సంపూర్ణంగా వాడుకొన్నది. ప్రతివాది భయంకరం అణ్ణంగరాచార్యుల రచన తిరుమల సన్నిధిలో ప్రతి వేకువనా పఠించేదే. ఇప్పుడది ఇంటింటి తెల్లవారుజాముకు, గుడి మైకుకు, కాఫీ హోటలుకు చేరింది. రికార్డుకు పెట్టిన పేరు దేవుడిది. సభలో గాయని రాగవిస్తారానికి తల ఊపే రసికుడి స్థానంలో, పాటను ‘వినడం’ కంటే ‘పెట్టడం’ ముఖ్యమైన గృహిణి, అర్చకుడు, హోటలు యజమాని శ్రోతలయ్యారు.

ఇటువంటి పరిణామమే తెలుగులో ఘంటసాలకు జరిగింది. 1974లో ఆయన మరణానంతరం విడుదలైన ‘భగవద్గీత’ రికార్డు సినీగాయకుడి గొంతును చావింటి గొంతుగా మార్చివేసింది. నేటికీ పల్లెల్లో ఆ శ్లోకం మైకులో వినబడితే ఎవరు పోయారని అడుగుతారు.

తెలుగు సాహిత్య చరిత్రకు నేరుగా తగిలే ఘట్టం ‘బాలాజీ పంచరత్నమాల’. పి.వి.ఆర్.కె. ప్రసాద్ కార్యనిర్వహణాధికారిగా ఉన్న కాలంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఈ అయిదు రికార్డులు వెలువడ్డాయి. రాగిరేకులలో శతాబ్దాలు మరుగుపడిన అన్నమయ్యకు అవి అపూర్వమైన వ్యాప్తి కల్పించాయనడంలో సందేహం లేదు. అయితే వ్యాప్తి ఎవరి పేరిట జరిగిందన్నది వేరే ప్రశ్న. ‘నానాటి బతుకు’ను రేవతి రాగంలో కూర్చినది నేదునూరి కృష్ణమూర్తి, జనం నోట అది ‘ఎం.ఎస్. పాట’. స్వరకర్త పేరు చీటీ మీద చిన్న అక్షరాల విషయమయింది.

ఎంపికనూ గమనించాలి. లభించిన అన్నమయ్య సంకీర్తనలలో అధికభాగం శృంగారపరమైనవే. అలమేలుమంగ విరహం, సఖుల ఎత్తిపొడుపులు, జాణతనం వాటి జీవం. జనసామాన్యంలో పాతుకొన్నవి మాత్రం ఎక్కువగా వైరాగ్య, శరణాగతి కీర్తనలు. ఈ అసమతుల్యతకు గాయని ఒక్కరే కారణం కాదు. దేవస్థానం అభిరుచి, పండితుల సంకోచం కూడా ఉన్నాయి. కాని మూడున్నర దశాబ్దాలుగా మీరాగా మలచబడిన గొంతు నుండి నాయిక ఎత్తిపొడుపును ఆశించే శ్రోత లేడు. పదాన్ని, జావళిని అభినయంతో తరతరాలుగా నిలిపిన కలావంతుల స్త్రీలు ఆనాటికి తెలుగునాట ఇంకా జీవించి ఉన్నారు. శృంగార సంకీర్తనలకు తగిన గాత్రధర్మం వారిది. పూజగదికి ఉద్దేశించిన అట్టతొడుగు మీద వారి ముఖానికి చోటు దొరకలేదు. ఆ తొడుగు మీద అన్నమయ్యను తెలుగువారికి అందించిన గాయని స్వయంగా అటువంటి ఇంటిబిడ్డే. ఆ సంగతి ఆమె పేరు ముందున్న రెండో అక్షరంలో మాత్రమే అచ్చయింది.