శ్రీకాకుళం మన్యం

శ్రీకాకుళం మన్యం ఉత్తరాంధ్రలో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న తూర్పు కనుమల కొండసీమ. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మండలాలు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. మెళియాపుట్టి, మందస మండలాల కొండ పల్లెలు శ్రీకాకుళం జిల్లాలోనే మిగిలాయి.

భౌగోళికం

నాగావళి, వంశధార నదులు ఒడిశా కొండల్లో పుట్టి, ఈ సీమ మీదుగా పారి బంగాళాఖాతంలో కలుస్తాయి. ఆ రెండు నదుల నడుమ సీతంపేట కొండలున్నాయి. వంశధారపై హిరమండలం దగ్గర కట్టిన గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ కాలువ నరసన్నపేట, టెక్కలి వైపు వరి పొలాలకు నీరు తీసుకెళుతుంది. పల్లంలో పండే ప్రతి గింజలోనూ కొండ వాన ఉంది.

ప్రజలు

సవరలు, జాతాపులు ఇక్కడి ప్రధాన తెగలు. సవర భాష ముండా శాఖకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. సవరల పూర్వులుగా భావించే శబరులను ఐతరేయ బ్రాహ్మణం పేర్కొంది. జాతాపులు కోందు జాతివారు. వారిలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే. కొండవాలులో పోడు కొట్టి చోళ్ళు, సామలు, కందులు పండిస్తారు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు సంతకు దించుతారు. సీతంపేట అనాస పేరుపొందింది.

చరిత్ర

ఈ కొండల్లో ఎక్కువ భాగం పూర్వం పర్లాకిమిడి, కురుపాం జమీందారీల కింద ఉండేది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి సవరల నోటినుంచే వారి భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరడంతో సవర పల్లెలు రెండు రాష్ట్రాల పాలయ్యాయి.

షావుకార్ల అప్పులకు భూములు పోగొట్టుకున్న గిరిజనులు ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యనారాయణ నాయకత్వంలో సంఘం కట్టారు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు హతులవడంతో ఆ పోరు సాయుధ రూపం దాల్చింది. సత్యనారాయణ, ఆయన సహ నాయకుడు ఆదిభట్ల కైలాసం 1970 జులైలో పోలీసు కాల్పుల్లో మరణించారు.

షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించడాన్ని నిషేధించిన 1/70 చట్టం వచ్చింది ఆ ఏడాదే. షెడ్యూలు వెలుపల ఉండిపోయిన గిరిజన గ్రామాలకు మాత్రం ఆ రక్షణ లేదు. వాటిని షెడ్యూలులో చేర్చాలన్న కోరిక న్యాయమైనది.