కిట్ కార్లు, నకలు కార్లు

విడిభాగాల రూపంలో కొని, కొన్నవాళ్లే బిగించుకునే కారును కిట్ కారు అంటారు. ఛాసిస్, బాడీ, వైరింగ్ డబ్బాల్లో వస్తాయి. ఇంజిన్, గేరుబాక్సు మాత్రం చాలామంది ఏదో పాత కారులోంచి దించి వాడుకుంటారు. అలా తయారైన బండి పేరుమోసిన పాత మోడల్‌ను అచ్చు గుద్దినట్టు పోలి ఉంటే దాన్ని రెప్లికా, నకలు కారు అని పిలుస్తారు. ఈ బండ్ల చుట్టూ దశాబ్దాలుగా ఒకటే తగవు: కారు విలువ దాని మీదున్న కంపెనీ గుర్తులో ఉందా, దాన్ని నిలబెట్టిన చేతిలో ఉందా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో కారు కిట్లు కొనే అలవాటు లేదు. కానీ పాతదాన్ని విప్పి కొత్త పనికి బిగించడం ఇక్కడి షెడ్లకు నిత్యకృత్యం. వరి నాట్ల ముందు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ కావాలంటే రైతు షోరూముకు పోడు, వెల్డింగ్ షాపుకు పోతాడు. అక్కడ ఇనుప పట్టీని గుండ్రంగా వంచి, అడ్డపట్టీలు అతికించి, బురదలో జారకుండా పట్టు దొరికేలా చక్రం తయారుచేస్తారు. సిరిసిల్లలో మరమగ్గం ఆగిపోతే అరిగిన ముక్కను లేత్ మిషన్ దగ్గరికి తెస్తారు. డ్రాయింగ్ ఉండదు, పార్ట్ నంబరు ఉండదు. చేతిలో ఉన్న పాత ముక్కే కొలత. లోకంలో కిట్ కార్లు పుట్టింది కూడా ఇలాంటి షెడ్లలోనే.

ఆ షెడ్లు ఎక్కువగా బ్రిటన్‌లో ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కొత్త కారు మీద కొనుగోలు పన్ను భారీగా ఉండేది. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను పడేది కాదు. 1957లో కాలిన్ చాప్‌మన్ కంపెనీ తెచ్చిన లోటస్ సెవెన్‌కు పేరు తెచ్చింది ఈ వెసులుబాటే. కిట్‌తో పాటు బిగించే పద్ధతి రాసిన పుస్తకం ఇస్తే పన్ను మినహాయింపు పోయేది. అందుకని లోటస్ వాళ్లు కారును విప్పే పద్ధతి రాసిచ్చారు, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకున్నారు. 1973లో బ్రిటన్‌లో విలువ ఆధారిత పన్ను వచ్చాక ఆ లాభం పోయింది. అదే ఏడు సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థ చేతికి వెళ్లాయి. అది ఆ కారును ఇప్పటికీ కిట్‌గా కూడా అమ్ముతోంది.

అమెరికాలో దారి వేరు. 1964లో బ్రూస్ మేయర్స్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాల మీద ఫైబర్ గ్లాస్ బాడీ పెట్టి ఇసుక దిబ్బల్లో పరిగెత్తే మేయర్స్ మాంక్స్ బగ్గీ తయారుచేశాడు. దాన్ని చూసి కాపీ కొట్టినవాళ్లకు లెక్కే లేదు. షెల్బీ కోబ్రా కథ ఇంకా విచిత్రం. 1960లలో అసలు కోబ్రాలు తయారైంది సుమారు వెయ్యి మాత్రమే. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే కోబ్రాల్లో అత్యధికం నకళ్లే. కొన్ని కంపెనీలు దీన్ని చూసీచూడనట్టు వదిలేశాయి, ఫెరారీ మాత్రం కోర్టుకెక్కింది. తమ డేటోనా స్పైడర్, టెస్టరోసా రూపాలను అనుకరించిన కిట్ల తయారీదారు మీద 1991లో అమెరికా అప్పీలు కోర్టులో గెలిచింది. కారు ఆకారం కూడా కంపెనీ ఆస్తేనని ఆ తీర్పు తేల్చింది.

మన దేశంలో కార్ల పరిశ్రమ మొదలైందే కిట్లతో. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా సంస్థ అమెరికా నుంచి విల్లీస్ జీపు భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించేది. తర్వాత అదే జీపును లైసెన్సుతో ఇక్కడే తయారుచేసింది. తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కిక్కిరిసి ఎక్కించుకుని తిరిగిన జీపుల వంశం ఇదే. హర్యానాలోని మండీ డబ్వాలీలో అలాంటి జీపులకు కొత్త బాడీలు కట్టి అమ్మడమే ఒక వ్యాపారమైంది. ఇంతటి చరిత్ర ఉన్నా, మహీంద్రా అమెరికాలో అమ్మిన రాక్సర్ బండి మీద జీప్ బ్రాండ్ యజమాని ఫియట్ క్రైస్లర్ 2018లో ఫిర్యాదు చేసింది. జీపు రూపాన్ని కాపీ కొట్టారని 2020 జూన్‌లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఆ అమ్మకాలకు అడ్డుకట్ట వేసింది. రూపం మార్చాకే రాక్సర్‌కు మళ్లీ దారి దొరికింది. అసలైన అర్థంలో కిట్ కారు అనదగ్గది మన దేశంలో ఒకటి వచ్చింది. మహారాష్ట్రలోని అలీబాగ్ దగ్గర చింకారా మోటార్స్ లోటస్ సెవెన్ తరహా రోడ్‌స్టర్ తయారుచేసి, అంబాసిడర్‌కు వాడిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్‌ను అందులో పెట్టింది.

తెలుగువాళ్లకు చేత్తో మార్చి కట్టిన బండి అనగానే గుర్తొచ్చేది చైతన్య రథం. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను ప్రచారానికి తగ్గట్టు మార్పించి ఊరూరా తిరిగారు. పైన నిలబడి మాట్లాడే వేదిక, లోపల విశ్రాంతి తీసుకునే చోటు ఉన్న ఆ బండిని చూడటానికే జనం రోడ్ల పక్కన గంటల తరబడి నిలబడ్డారు. అది ఏ కంపెనీదని అడిగినవాళ్లు తక్కువ.

నలభై ఏళ్ల తర్వాత ఆ ముచ్చట జగిత్యాల జిల్లాకే వచ్చింది. కొత్త బండి కొంటే కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించడం ఈ చుట్టుపక్కల ఊళ్ల ఆనవాయితీ. పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం వారాహికి 2023 జనవరి 24న పూజ చేయించింది కూడా అక్కడే. అంతకు ముందు నెలలోనే దాని రంగు మీద పెద్ద రగడ జరిగింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే చెల్లుతుంది. అది ఆలివ్ గ్రీన్ కాదు, ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా అధికారులు చెప్పాక గానీ గొడవ సద్దుమణగలేదు. ప్రత్యేకంగా కట్టించుకున్న బండికి గుడి దగ్గర హారతి, ఆఫీసులో ప్రశ్నలు: నకలు కార్ల చరిత్రంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

ఈ చరిత్రలో అసలైన తెలంగాణ పేరు కన్యాబోయిన సుధాకర్. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గర్లో ఆయన నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియం 2010లో తెరుచుకుంది. క్రికెట్ బ్యాటు, బర్గరు, కెమెరా, ఫుట్‌బాల్, ఎత్తు మడమల చెప్పు, ఇలా ఏ వస్తువునైనా ఆయన కారుగా మలిచారు. అవన్నీ ఇంజినుతో నడిచే బండ్లే, ఊరికే పెట్టిన బొమ్మలు కావు. పాత సామాన్ల దుకాణాల్లో ఏరిన భాగాలే వాటికి ముడిసరుకు. 2005 జులై 1న హైదరాబాద్ రోడ్డు మీద నడిచిన ఆయన మూడు చక్రాల సైకిల్ ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. దానికి గిన్నిస్ రికార్డు దక్కింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగా కరోనా వైరస్ ఆకారంలో ఒకే సీటున్న కారు చేసి, ఇంట్లోనే ఉండమని జనానికి చెప్పారు.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇలాంటి బండ్లను చూసే చూపు ఒకటి కాదు. మారుతి ఛాసిస్ మీద ఫైబర్ తొడిగి ఫెరారీ గుర్తు అంటిస్తే వాళ్లకు ఒళ్లు మండుతుంది. అదే మనిషి ఆరునెలలు కూర్చుని సొంత ఫ్రేము కడితే, రంగు పెచ్చులూడినా దగ్గరికెళ్లి వెల్డింగ్ అతుకులు తడిమి మరీ చూస్తారు. వాళ్ల కోపం నకలు మీద కాదు, అబద్ధం మీద. అది న్యాయమైన కోపమే. మామూలు జనానికి ఈ తేడా పట్టదు. ఏ బండి దగ్గరైనా ఫోటో దిగుతారు, వెంటనే లీటరుకు ఎంతిస్తుందని అడుగుతారు.

చట్టం చూసేది వేరే. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రాథమిక వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే నిబంధన వచ్చింది. 2021లో పాతకాలపు బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చినా అది 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్నవాటికే. నకలు కారుకు అందులో చోటు లేదు.

ఈ కట్టడికి కారణం లేకపోలేదు. బ్రేకులు సరిగా పట్టని సొంత తయారీ బండి ఎదుటివాళ్ల ప్రాణాలకు ముప్పు. అయితే బ్రిటన్ ఇలాంటి బండ్లను నిషేధించలేదు. ఒక్కొక్క బండినీ విడిగా పరీక్షించి రోడ్డెక్కించే పద్ధతి పెట్టుకుంది. అమెరికా 2015 చట్టంతో పాతికేళ్లు దాటిన మోడళ్ల నకళ్లను ఏడాదికి 325 దాకా తయారుచేసుకోవడానికి చిన్న కంపెనీలకు వీలిచ్చింది. మన దగ్గర కేంద్ర మోటారు వాహనాల 126వ నిబంధన కింద జరిగే నమూనా పరీక్షలు పెద్ద తయారీదారులను దృష్టిలో పెట్టుకున్నవి. సిరిసిల్లలో చేయి తిరిగిన ఫిట్టరు ఒకే ఒక్క బండి కడితే ఆ ఖర్చు భరించలేడు. అతని పనితనానికి 2019లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమంలో, ఆగస్టు 15న జిల్లా కేంద్రంలో పెట్టే ప్రదర్శనలో చోటుంది. రోడ్డు మీద మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపుతాడు. ఇది నైపుణ్యానికి జరుగుతున్న నష్టం.

కిట్ అనేది చట్టబద్ధంగా తిరిగొచ్చిన రూపాల్లో ఒకటి కరెంటు బండి. పెట్రోలు, డీజిల్ ఇంజిన్ తీసేసి మోటారు, బ్యాటరీ బిగించే కిట్లకు పరీక్షా సంస్థల ఆమోదం పొందే వీలుంది. హైదరాబాద్‌కు చెందిన ఈట్రియో మారుతి ఆల్టో, డిజైర్ లాంటి కార్లకు అలాంటి కిట్లు తయారుచేసి పుణెలోని పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం తెచ్చుకుంది. ఆమోదం ఉన్న కిట్‌ను అధీకృత కేంద్రంలోనే బిగించాలి, తర్వాత ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆర్సీలో ఇంధనం పేరు మార్పించుకోవాలి.