రాజుగారి కుక్క, దాని గుండె

ఇంగ్లండును 1660 నుండి 1685 వరకు పాలించిన రెండవ చార్లెసు రాజునకు చిన్న స్పానియల్ కుక్కలనిన ఎనలేని మక్కువ. కొలువులో రాజు రాచకార్యము మాని కుక్కతో ఆడుకొనుచుండుట చూచి విసిగి, సామ్యూల్ పెపిస్ 1667లో ఆ సంగతి తన దినచర్యలో వ్రాసికొన్నాడు. కొనదేరిన మూతి, విశాలమైన కన్నులు, వ్రేలాడు చెవులు గల ఆ కుక్కలు నాటి వర్ణచిత్రములలో రాజకుటుంబముల సరసన నేటికిని కానవచ్చును.

19వ శతాబ్దిలో అభిరుచి మారినది. చప్పిడి ముక్కు కుక్కలపై మోజు పెరిగి, పాత రూపము మరుగున పడినది. 1926లో రోజ్‌వెల్ ఎల్డ్రిడ్జ్ అను అమెరికా దేశస్థుడు లండనులోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో, పటములలోని పాత పోలిక గల కుక్కకు 25 పౌనుల బహుమతి ప్రకటించినాడు. 1928లో ఆయన మరణించినాడు. ఆ యేడే ఈ జాతికొక సంఘమేర్పడి, 'కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్' అను పేరు స్థిరపడినది. కోల్పోయిన ముఖము తిరిగి వచ్చినది.

అయితే ఆ ముఖమును తెచ్చినవి వ్రేళ్ళపై లెక్కింపదగిన కుక్కలు. రెండవ ప్రపంచయుద్ధములో వాటి సంఖ్య మరింత తగ్గినది. ఆ కొద్దిపాటి వంశము నుండియే నేటి కావలియర్లన్నియు పుట్టినవి. పోలికతోపాటు ఒక వ్యాధియు వంశములో నిలిచిపోయినది.

గుండె ఎడమ భాగమున, పై గదికిని క్రింది గదికిని నడుమ ద్విపత్ర కవాటమున్నది. నెత్తురు వెనుకకు మరలకుండ కాపు కాయుట దాని పని. ఏండ్లు గడచిన కొలది కావలియరులో ఈ కవాటపు రేకులు దళసరియై, ముడుచుకొని, సరిగా మూసికొనవు. మరలిన నెత్తురు చేయు సవ్వడి వైద్యుని స్టెతస్కోపులో మర్మరధ్వనిగా వినబడును. తరువాత గుండె ఉబ్బును; ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసము పుట్టును. ఐదేండ్ల వయసునకు సుమారు సగము కుక్కలలో ఈ ధ్వని వినబడుననియు, పదేండ్లు దాటిన వాటిలో అది లేనివి బహు అరుదనియు పశువైద్యుల అనుభవము.

ఇందులోని చిక్కు కాలమునకు సంబంధించినది. కుక్క రెండవ యేటనే తల్లియో తండ్రియో కావచ్చును. వ్యాధి బయటపడునది అటుపిమ్మట. ప్రదర్శనలో న్యాయనిర్ణేత ముఖమును చూచెను గాని, ఇంకను పుట్టని ధ్వనిని ఎట్లు వినగలడు?

దీనికి మందు కొంత, ఓర్పు కొంత కావలసివచ్చినవి. గుండె పెద్దదై, ఆయాసము ఇంకను మొదలుకాని కుక్కలకు పిమోబెండాన్ అను మందిచ్చినచో హృదయవైఫల్యము సుమారు 15 నెలలు వెనుకకు జరుగునని 2016లో ఒక పరిశోధన తెలిపినది. గుండెను పరీక్షించిన పిదపనే సంతానమునకు అనుమతించు నియమమును డెన్మార్కు దేశమున అమలుజరుపగా, ఎనిమిది పదేండ్లలో వ్యాధి తగ్గినట్లు అదే యేట మరియొక పరిశోధన చూపినది. నార్వే సర్వోన్నత న్యాయస్థానము 2023లో ఇంకొక అడుగు వేసి, ఈ జాతిని అన్యజాతి కలయిక లేకుండ పెంచుట జంతుసంక్షేమ చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది.

ఇట్టి కుక్క ఇంటనున్నవారికి మేము చెప్పునది స్వల్పము. అది నిద్రించునపుడు నిమిషమునకు ఎన్నిమార్లు ఊపిరి తీయునో లెక్కింపుడు. ఆ సంఖ్య తరచు 30 దాటినచో వైద్యునికి చూపుడు. మూడువందల యేండ్లు మనము దాని ముఖమును చూచి మురిసితిమి; ఇకనైనను దాని గుండెను విందము.