గీ కాయితంల మా ఊరు ఏడున్నది?

పెద్దపల్లి కొత్తగా జిల్లా అయిన రోజులు. 2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి విడిపోయింది. అప్పుడు నేను మహిళా సంఘాల లెక్కలు రాసేవాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. ఒక ఊళ్లో సమావేశానికి జిల్లా గురించిన ఇంగ్లీషు నివేదిక ఒకటి పట్టుకుపోయి, వరి ఎంత, పాలు ఎన్ని, బ్యాంకు అప్పులు ఎన్ని అని తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ చాలాసేపు విని, "గీ కాయితంల మా ఊరు ఏడున్నది సారూ?" అని అడిగింది.

పేజీలు తిరగేశాను. మండలం దాకా అంకెలున్నాయి. ఊరు లేదు.

ఆ ప్రశ్న నన్ను చాన్నాళ్లు వదల్లేదు. ఊరి బతుకుదెరువు బాగుచేయడమే పనిగా పెట్టుకున్నవాళ్లు ఈ ప్రాంతంలో ఒక్కో కాలంలో ఏం చదివారు, అవి ఎవరి కోసం రాసినవి అని వెతకడం అక్కడే మొదలైంది.

నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ. రైతు భూమి లెక్క పట్వారీ దగ్గర, అప్పు లెక్క షావుకారి దగ్గర. రెండింటిలోనూ రైతు పేరు ఉంటుంది. రెండూ అతను చదవలేడు. 1929-30లో ఎస్. కేశవ అయ్యంగార్ అనే ఆర్థికశాస్త్రవేత్త హైదరాబాద్ రాజ్యంలో ఎంపిక చేసిన ఊళ్లలో ఇల్లిల్లూ విచారించి, భూమి, అప్పు, కూలి, తిండి వివరాలతో ఇంగ్లీషులో సంపుటాలు తెచ్చాడు. పోలీసు చర్య తర్వాత 1949-51లో మళ్లీ అలాంటి విచారణే చేశాడు. తెలంగాణ పల్లె గురించి పని చేసేవాళ్లకు ఇవి ఇప్పటికీ పక్కన పెట్టలేని పుస్తకాలు. ఈ రెండు విచారణల మధ్యే, 1936లో, అప్పు కింద మనిషి వెట్టికి కుదిరే భగేలా పద్ధతిని అదుపు చేస్తామని ఒక చట్టం వచ్చింది. అలాంటి చట్టం ఉందని ఊళ్లో జీతగాడికి చదివి చెప్పగలిగిన స్థానంలో ఉన్నది ఎవరు? పట్వారీ, లేదా దొర. ఆ చట్టం వల్ల నష్టం ఉన్నది కూడా వాళ్లకూ వాళ్ల చుట్టాలకే.

స్వాతంత్ర్యం తర్వాత 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకులు వచ్చాయి, గ్రామసేవకులు వచ్చారు. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను చదివి ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వెలువడింది. మూడేళ్ల తర్వాత సమాజ వికాస పథకం నడిచిన తీరు మీద ఆయనే ఇంకో పుస్తకం రాశాడు. పథకాల ఫలం ఎక్కువగా ఊళ్లో అప్పటికే పలుకుబడి ఉన్నవాళ్ల వైపే పోతున్నదని, పైనుంచి వచ్చే లక్ష్యాలకూ ఊరివాళ్ల అవసరాలకూ మధ్య గ్రామసేవకుడు నలిగిపోతున్నాడని అందులో కనిపిస్తుంది. శిక్షణ ఇచ్చే ప్రతివాడూ ఇప్పటికీ చదవదగ్గ సంగతి అది.

ఇక అప్పు సంగతి. గోర్వాలా అధ్యక్షతన 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక 1954లో వచ్చింది. రైతు తెచ్చుకునే ప్రతి 100 రూపాయల అప్పులో సహకార సంఘాల నుంచి వచ్చేది 3 రూపాయలే. వడ్డీ వ్యాపారుల నుంచి వచ్చేది దాదాపు 70. నివేదిక రెండు మందులు చెప్పింది. ఒకటి, అప్పునూ పంట అమ్మకాన్నీ కలపాలి. రెండు, సంఘాల్లో ప్రభుత్వం వాటా పెట్టాలి.

ఒక్క పుస్తకం నుంచి రెండు దారులు చీలాయి. మొదటి దారి ఎంత దూరం పోగలదో చూడాలంటే ముల్కనూరు చూడాలి. అది అప్పట్లో మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే ఉండేది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 373 మంది సభ్యులు, 2,300 రూపాయల వాటాధనంతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు పుట్టింది. పనితీరు చూస్తే చాలా సాదాగా ఉంటుంది. సంఘం విత్తనం, ఎరువు, పెట్టుబడి ఇస్తుంది. పండిన పంట సంఘమే కొంటుంది. అప్పు పంట పైసల్లోంచి పోను మిగిలింది రైతు చేతికి వస్తుంది. వడ్లు మరపట్టే మిల్లు, పత్తి జిన్నింగ్ మిల్లు సంఘానివే కాబట్టి, మధ్యలో మిగిలే లాభమూ సంఘంలోనే ఉంటుంది. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో జమాఖర్చు వినిపిస్తారు. అందులో తన లెక్క ఉందని తెలిసిన మనిషి ఎంత శ్రద్ధగా వింటాడో వేరే చెప్పక్కర్లేదు. అదే ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లు 2000లో పాల డెయిరీ పెట్టుకుని, 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతున్నారు.

రెండో దారి పట్టిన సంఘాల కథ వేరు. ప్రభుత్వం వాటా పెట్టింది, వాటాతో పాటు పెత్తనమూ తెచ్చింది. 1964 సహకార చట్టం కింద ఎన్నికైన పాలకవర్గాన్ని పక్కనపెట్టి అధికారిని కూర్చోబెట్టొచ్చు. సభ్యుడికి అది సర్కారు ఆఫీసుగానే కనబడింది. దాని లెక్క తన లెక్క అనిపించలేదు. చివరికి 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ఉండదు, జోక్యం ఉండదు, మంచీ చెడూ సభ్యులదే. మన మండల మహిళా సమాఖ్యలు రిజిస్టరైంది ఈ చట్టం కిందనే. నేను శిక్షణ ఇచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. వాళ్ల దృష్టిలో సమాఖ్య అంటే సర్కారుదే. ఎందుకంటే దాని రిజిస్టర్లన్నీ పై ఆఫీసుకు పంపడానికి రాసినట్టే ఉంటాయి.

పెద్దపల్లికే తిరిగొస్తే, రామగుండం ఎరువుల కర్మాగారం ఉంది. బొగ్గు నుంచి యూరియా తీయాలన్న ఆలోచనతో కట్టారు. 1980లో ఉత్పత్తి మొదలైంది. సాంకేతిక ఇబ్బందులు, కరెంటు కోతలు, నష్టాలు కలిసి 1999లో మూతపడింది. మళ్లీ గ్యాస్ మీద నడిచే కొత్త కర్మాగారంగా 2021లో మొదలైంది. పెట్టినప్పుడూ, మూసినప్పుడూ, తెరిచినప్పుడూ లెక్క వేసినవాళ్లు ఇక్కడివాళ్లు కారు. దాన్ని నమ్ముకుని చాయ్ హోటలు పెట్టుకున్న మనిషికి ఆ లెక్క ముందుగా చదివే వీలూ లేదు.

నేను ఆరోజు పట్టుకుపోయిన రకం నివేదికలను తీసిపారేయడానికి లేదు. 1982లో నాబార్డు ఏర్పడ్డాక ప్రతి జిల్లాకూ రుణ అవకాశాల ప్రణాళిక రాసే పద్ధతి వచ్చింది. ఏ మండలంలో నీళ్లెన్ని, పశువులెన్ని, పాల శీతలీకరణ కేంద్రం ఉందా, గోదాము ఉందా, ఏ పనికి ఎంత పెట్టుబడి కావాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. బ్యాంకు మేనేజరుతో మాట్లాడాలంటే ఈ పని చేసేవాళ్లు అది చదివి తీరాలి. కాకపోతే అది మేనేజరు కోసం రాసింది. అప్పు తీసుకునే మనిషి కోసం రాసింది ఇంకోటి ఉండాలి.

తర్వాతి నెల ఆ ఊరికి వట్టి చేతులతో పోయాను. ఒక పెద్ద చార్టు మీద ఆడవాళ్లు చెబుతుంటే తెలుగులో రాసుకుంటూ పోయాం. ఊళ్లోకి ఏమేం కొనుక్కొస్తున్నారు, ఊరి నుంచి ఏమేం అమ్ముతున్నారు, ఎవరెవరికి వడ్డీ కడుతున్నారు. సంఘం వాయిదా కట్టడానికి బయట మిత్తికి తెచ్చుకుంటున్నవాళ్లు ఉన్నారని మొదటిసారి అందరిముందూ బయటపడింది. రిజిస్టరులో మాత్రం వసూళ్లు బాగానే ఉన్నాయి.

పాల దగ్గరికొచ్చేసరికి నేను ఎవరో చెప్పిన అంకె రాశాను. ఆ పెద్దమ్మ లేచి చార్టు దగ్గరికి వచ్చింది. వేలు పెట్టి చూపిస్తూ, "ఎండకాలం గన్ని పాలెక్కడియి సారూ? సగం రాయుండ్రి" అంది.

కొట్టేసి సగం రాశాను.