ఎర్ర నూనె చెప్పిన కథ

చరిత్ర అనగానే మనకు రాజులూ, యుద్ధాలూ, శాసనాలూ గుర్తొస్తాయి. ఈ వారం మాత్రం మనందరి ఇళ్ల ముందూ ఆగి ఉండే ఒక వస్తువు చరిత్ర చెబుతాను. అదే కారులోని ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్. దాని పుట్టుక తెలిస్తే దాని జబ్బు కూడా తెలుస్తుంది. ఈ మాట నేను సొంత అనుభవంతో చెబుతున్నాను.

అమెరికా వచ్చిన కొత్తలో, చదువుకునే రోజుల్లో, పదకొండేళ్ల పాత కారొకటి కొన్నాను. అద్దానికి అంటించిన కాగితం మీద "యాజ్ ఈజ్" అని ఉంది. అంటే కొన్న తర్వాత ఏం జరిగినా పూచీ మనదే. పాత కార్లమ్మే డీలర్లు గ్యారంటీ ఉందో లేదో ఇలా కాగితం మీద చెప్పి తీరాలని 1985 నుంచి ఇక్కడ ఫెడరల్ నిబంధన ఉంది. నేను ఆ కాగితం చదివాను, సంతకం పెట్టాను, మర్చిపోయాను.

నాలుగు నెలలు తిరక్కుండానే, ఒక చలి పొద్దున 'డి'లో పెడితే ఇంజిను గీపెడుతోంది గానీ కారు కదల్లేదు. రెండు మూడు సెకన్లయ్యాక దబ్బున ముందుకు దూకింది. దగ్గర్లో ఉన్న ఒక షాపు వాళ్లు బానెట్ కూడా ఎత్తకుండా, ట్రాన్స్‌మిషన్ మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు నేను కారు కొన్న ధర కంటే ఎక్కువ. క్యాంపస్‌లో గంటల లెక్కన పని చేసుకునేవాణ్ణి. ఆ సొమ్ము నాకు ఒక సెమిస్టరు అద్దే కాదు, తిండి కూడా.

మా కింది అపార్ట్‌మెంట్‌లో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దాయన ఒకరుండేవారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు లారీల పని చేసినాయన. నా మొహం చూసి సంగతి అడిగారు. చెప్పాను.

"బాబూ, ఈ ఆటోమేటిక్ బళ్లు నాకు తెలీవు. కానీ నూనెతో నడిచేది ఏదైనా సరే, ముందు నూనె చూడాలి. చూశావా?"

"లేదండీ. షాపు వాళ్లు కూడా చూడలేదు."

"అయితే వాళ్లు జబ్బు చెప్పలేదు నాయనా, ధర చెప్పారు."

ఆ రాత్రి కారు కింద అట్టముక్క పరిచాం. పొద్దునకి దాని మీద ఎర్రటి చుక్కలున్నాయి. ఇంజిన్ ఆయిల్ ఎర్రగా ఉండదు. ఇది ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. కారిందంటే ఎక్కడిదో గుర్తుపట్టడానికే దానికి ఎర్ర రంగు కలుపుతారు. రేడియేటర్‌కి వెళ్లే గొట్టమొకటి పగిలింది. గొట్టం మార్చి, నూనె పోశాక కారు మామూలుగా కదిలింది. ఆ తర్వాత మూడేళ్లు నడిచింది.

ఆటోమేటిక్ సంగతి తెలియదన్న మనిషి మాట ఎలా నిజమైంది? ఆ ప్రశ్నే నన్ను ఈ చరిత్రలోకి దింపింది.

తొలినాటి కార్లలో గేరు మార్చడమంటే పెద్ద విద్య. వేగం కుదరకపోతే గేర్లు గరగరమని ఒరుసుకునేవి. 1928లో కాడిలాక్ కారుకి సింక్రోమెష్ అమర్చి ఆ బాధ తగ్గించినవాడు ఎర్ల్ థాంప్సన్. జనరల్ మోటార్స్‌లో ఆయన నాయకత్వంలోని బృందమే తర్వాత హైడ్రామాటిక్‌ను తయారుచేసింది. 1939లో ప్రకటించిన ఈ యంత్రం 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లలో వచ్చింది. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. క్లచ్ పెడల్ మాయమైంది. రెండో ప్రపంచయుద్ధంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకులలో కూడా ఇదే పెట్టారు.

ఇందులో కీలకం నూనె. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు నూనె ఉందనుకోండి. ఇంజిను ఒక చక్రాన్ని తిప్పితే, నూనె తోపుకి ఎదుటి చక్రం తిరుగుతుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఈ ఊహను 20వ శతాబ్దం మొదట్లో ఓడల కోసం కనిపెట్టాడు. కారులోకొచ్చేసరికి నూనెకి ఇంకా పనులు పడ్డాయి. లోపలి క్లచ్‌లను నొక్కి పట్టాలి, వేడిని రేడియేటర్ దాకా మోసుకుపోవాలి, గేర్లు అరగకుండా చూడాలి. నూనె తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి రాదు, క్లచ్ పట్టదు. నా కారు కదలకుండా నిలబడటానికి కారణం ఇదే.

1948లో బ్యూక్ డైనాఫ్లో కార్లతో టార్క్ కన్వర్టర్ వచ్చింది. ప్రయాణం మెత్తగా ఉండేది గానీ, నూనెలో జారుడు వల్ల పెట్రోలు దండగయ్యేది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఆ దండగ అందరికీ కనిపించింది. అందుకని హైవే వేగంలో కన్వర్టర్‌ను బిగించి పట్టే లాకప్ క్లచ్ 1970ల చివరినుంచి మామూలైపోయింది. మీ పాత కారు నలభై, యాభై మైళ్ల వేగంలో గరుకు రోడ్డు మీద పోతున్నట్టు వణుకుతోందా? ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ కదపకుండా, బ్రేకు పెడల్‌ను కొంచెం తాకి చూడండి. లాకప్ విడిపోతుంది. వణుకు ఆ క్షణమే ఆగితే అనుమానం లాకప్ క్లచ్ మీదకో, పాడైన నూనె మీదకో పోవాలి. టైర్ల వల్ల వచ్చే వణుకైతే అలా ఆగదు.

నూనెకి ఇంకో చరిత్ర ఉంది. ఒకప్పుడు ఈ ఫ్లూయిడ్‌లో స్పెర్మ్ వేల్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్‌లు కుదుపు లేకుండా పట్టుకోవడానికి అంతకంటే మంచిది దొరకలేదు. తిమింగలాలు అంతరించిపోతున్నాయని 1970ల మొదట్లో అమెరికా దాన్ని ఆపేసింది. రసాయన శాస్త్రవేత్తలు బదులు వెతకాల్సి వచ్చింది. ఎర్రగా ఉన్నంత మాత్రాన అన్ని ఫ్లూయిడ్లూ ఒకటి కావు. మాన్యువల్‌లో ఏది రాశారో అదే పోయాలి.

తర్వాతి మలుపు కంప్యూటర్. 1980ల చివరినుంచి గేరు ఎప్పుడు మారాలో చెప్పే పని నూనె ఒత్తిడి చేతినుంచి ఎలక్ట్రానిక్స్ చేతికి పోయింది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 అమర్చారు. స్టీరింగ్ కింద ఉండే ఆ సాకెట్‌కి చిన్న స్కానర్ తగిలిస్తే కోడ్ చెబుతుంది. పీ0700 అని వస్తే ట్రాన్స్‌మిషన్ పోయిందని కాదు. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో మరో కోడ్ దాగి ఉంది, అది చూడమని అర్థం. కారు ఒకే గేరులో ఇరుక్కుని నెమ్మదిగా పోతున్నా, అది తనను తాను కాపాడుకోవడం కావచ్చు. చాలాసార్లు తేలేది ఒక సోలినాయిడో, సెన్సరో, తుప్పు పట్టిన తీగో.

కాబట్టి వరస ఇది. మొదట నూనె. మట్టం ఎంతుందో చూడండి. ఇంజిను నడుస్తుండగా చూడాలా, ఆపి చూడాలా అన్నది కారుని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోండి. కొన్ని కార్లకు డిప్‌స్టిక్కే ఉండదు, వాటికి షాపే గతి. తర్వాత రంగు, వాసన. ఎర్రగా ఉంటే మంచిది. గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, ఇక నడపొద్దు. నల్లగా మారి మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలాయి. ఆ తర్వాత కోడ్లు, తీగలు. ఇవన్నీ అయ్యాకే గేర్‌బాక్స్ విప్పే మాట.

అన్నిసార్లూ నాలా చవగ్గా బయటపడతామని చెప్పను. మాడిన నూనె, అడుగు పళ్లెంలో లోహపు ముక్కలు, ప్రతి గేరులోనూ జారుడు, ఇవి మూడూ ఉంటే కొత్త నూనె పోసినా బాగుపడదు. అలాంటి కారులో పిల్లల్ని ఎక్కించుకుని ఫ్రీవే ఎక్కొద్దు. ట్రక్కుల మధ్య అది పట్టు తప్పితే మీ చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు కారు విలువెంత, రిపేరెంత అని లెక్క వేసుకుని, రెండో షాపు మాట కూడా విన్నాకే నిర్ణయించుకోండి.

పాత కారు కొనబోయే విద్యార్థులు మీ ఇంట్లో ఉంటే ఒక్క మాట చెప్పండి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వెళ్లి చూడమనండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి పెట్టిన కారులో కొన్ని లోపాలు దాక్కుంటాయి. బ్రేకు మీద కాలుంచి 'డి'లోనూ, 'ఆర్'లోనూ పెట్టి, పట్టు రావడానికి ఎంతసేపు పడుతోందో చూడమనండి.

ఆ పెద్దాయన తర్వాత ఇండియా వెళ్లిపోయారు. హైడ్రామాటిక్ పేరు ఆయన విన్నారో లేదో నాకు తెలీదు. ఇప్పుడు నా దగ్గర కొత్త కారే ఉంది. అయినా నెలకోసారి రాత్రి దాని కింద అట్టముక్క పరుస్తాను.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. సెలవు.