నమూనా రైల్వేలు: బండ్లు, కట్టడాల నిర్మాణ చరిత్ర

నిజమైన రైల్వేలోని ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు, స్టేషన్లు, సిగ్నల్ కేబిన్లు, వంతెనలు వగైరాలను ఒకే నిష్పత్తిలో తగ్గించి, కొలత తప్పకుండా చిన్నవిగా తయారుచేయడాన్ని నమూనా రైల్వే నిర్మాణం అంటారు. బొమ్మ రైలు పరుగెత్తితే చాలు. నమూనా బండికి ఆ వెసులుబాటు లేదు. దాని తలుపు పిడి, ఎక్కే మెట్టు, రివెట్ల వరుస కూడా అసలు బండితో సరిపోవాలి.

ఈ పనిలో రెండు కొలతలు ముఖ్యం. అసలు వస్తువుకూ నమూనాకూ మధ్య ఉండే నిష్పత్తి స్కేలు. రెండు పట్టాల మధ్య దూరం గేజి. ప్రపంచంలో ఎక్కువమంది అనుసరించేది 1:87 నిష్పత్తి, 16.5 మి.మీ. గేజి గల హెచ్.ఓ. పెరంబూరు ఐ.సి.ఎఫ్. కార్ఖానాలో 2018 దాకా తయారైన ఐ.సి.ఎఫ్. రకం ప్రయాణికుల పెట్టె పొడవు 21,337 మి.మీ., వెడల్పు 3,245 మి.మీ. హెచ్.ఓ.లో అదే పెట్టె 245 మి.మీ. పొడవు, 37 మి.మీ. వెడల్పుకు కుదించుకుపోతుంది. అందులో కిటికీ ఊచ వెంట్రుక మందం ఉండాలి. ఆ ఊచను ఎలా చేయాలి, దేనితో చేయాలి అన్న ప్రశ్నకు తరతరాలుగా దొరికిన జవాబులే ఈ కళ చరిత్ర.

ఆరంభ దశ

పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం తయారైనవి పిల్లల బొమ్మలు, లేకుంటే ఇంజనీర్లు తమ ఆలోచన పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి చేసుకున్న యంత్రాలు. ఇంగ్లండులో అమ్మిన ఇత్తడి ఆవిరి ఇంజన్లు తివాచీల మీద నీళ్లు కారుస్తూ పోయేవి కాబట్టి వాటికి ‘డ్రిబ్లర్లు’ అని పేరు పడింది. జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో మొదలైన మార్క్లిన్ సంస్థ 1891 లైప్జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలును, దానికి తగ్గ పట్టాలను, నిర్ణీత గేజిలతో సహా ప్రదర్శించింది. ఒకసారి కొన్నవారు తర్వాత కొత్త పట్టాలు, కొత్త పెట్టెలు చేర్చుకోవచ్చు. దాంతోపాటే రేకుతో చేసి చేతితో రంగులు వేసిన స్టేషన్లు కూడా బజారుకు వచ్చాయి. అవి అందమైనవే కానీ, వాటి తలుపులోంచి పక్కనే నిలబడ్డ బండిలోని ప్రయాణికుడు దూరలేడు.

బొమ్మను కొలతకు తెచ్చినవారిలో మొదట చెప్పుకోవలసిన వ్యక్తి ఇంగ్లండులోని నార్తాంప్టన్‌కు చెందిన డబ్ల్యు.జె. బాసెట్-లోక్. 1900 పారిస్ ప్రదర్శనలో న్యూరెంబర్గ్ బొమ్మల తయారీదారుల నైపుణ్యం చూసి, వారి చేత బ్రిటిష్ రైల్వేల ఇంజన్లనే చేయించాలని ఆయన సంకల్పించాడు. ఇంజనీరు హెన్రీ గ్రీన్లీ కొలతలతో కూడిన చిత్రాలు గీసేవాడు. న్యూరెంబర్గ్‌లోని బింగ్ కార్ఖానా వాటిని రేకుగా, ఇత్తడిగా మలిచేది. ‘ఏదో ఒక ఇంజను’ అనేది పోయి, ‘ఫలానా రైల్వేవారి ఫలానా ఇంజను’ అని అడిగి కొనే రోజులు వచ్చాయి. గ్రీన్లీ 1909లో ఒక పత్రిక కూడా మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది లండన్‌లో ‘మోడల్ రైల్వే క్లబ్’ ఏర్పడింది.

ఏడు అంగుళాల తగాదా

1922లో బింగ్ సంస్థ భోజనాల బల్ల మీద పట్టే చిన్న రైలును 16.5 మి.మీ. గేజిలో విడుదల చేసింది. ఆనాటి మోటార్లు లావు. బ్రిటిష్ ఇంజన్లు ఐరోపా ఇంజన్లకంటే ఇరుకైనవి కావడంతో 1:87లో వాటి కడుపులో ఆ మోటారు పట్టలేదు. అందుకని బండిని మాత్రం అడుగుకు 4 మి.మీ. చొప్పున కాస్త పెద్దదిగా చేసి, పట్టాలను ఉన్నవి ఉన్నట్లే వదిలేశారు. అదే ఓ.ఓ. లెక్క కట్టి చూస్తే ఆ పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఒకటిన్నర అంగుళం. ఉండవలసింది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. ఏడు అంగుళాల లోటు.

మామూలు చూపరికి ఈ లోటు కనిపించదు. బండిని ఎదురుగా చూసే నిపుణుడికి మాత్రం అది పంటికింద రాయి. పట్టాలను 18 మి.మీ.కు వెడల్పు చేసుకున్నవారు ఈ.ఎం. వర్గమయ్యారు. 1960ల మధ్యలో మరో బృందం ఇంకా ముందుకు వెళ్లి 18.83 మి.మీ. గేజిని, చక్రం అంచుల మందాన్ని సైతం అసలు రైల్వే ప్రమాణాల నుంచి లెక్కగట్టి ప్రోటోఫోర్ పేరుతో ప్రకటించింది. ఈ వర్గాల మధ్య పత్రికల్లో సాగిన వాదోపవాదాలు మతశాఖల వివాదాలకు తీసిపోవు. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్లు మాత్రం 16.5 మీదే నడిచి ఇంటింటికీ చేరాయి. ఇప్పటికీ బ్రిటిష్ బజారును ఏలుతున్నది ఆ తప్పు గేజే.

అట్ట, కత్తెర, లక్క

1925లో పెర్సివల్ మార్షల్ ప్రచురణగా ‘మోడల్ రైల్వే న్యూస్’ వెలువడింది. గారడీ విద్యకు పేరుపొందిన మాస్కెలిన్ కుటుంబంలోని జె.ఎన్. మాస్కెలిన్ దీనికి సంపాదకుడుగా ఉండి, ఇంజన్ల కొలత చిత్రాలను ఎంతో శ్రద్ధగా అచ్చువేయించాడు. ఇంట్లో కూర్చుని చేసుకునేవాడికి కావలసింది ఆ చిత్రాలే. స్కాట్లండ్‌కు చెందిన క్రైస్తవ మతాచార్యుడు ఎడ్వర్డ్ బీల్ రాసిన ‘ది క్రాఫ్ట్ ఆఫ్ మోడలింగ్ రైల్వేస్’ 1937లో వచ్చింది. డబ్బున్నవారు ఇత్తడితో చేయించుకునే వస్తువును డబ్బులేనివారు అట్టతో చేసుకోవచ్చునని బీల్ చూపించాడు. అట్టను కత్తిరించి, మడిచి, లక్క కలిపిన స్పిరిట్ పూసి ఆరబెడితే చెక్కలా గట్టిపడుతుంది. దాన్ని ఆకురాయితో అరగదీయవచ్చు, రంగు వేయవచ్చు.

ఈ రంగంలో మతాచార్యుల సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది. 1945 నుంచి పిల్లల రైలు కథలు రాసిన రెవరెండ్ ఆడ్రీ తానూ ఒక నమూనా రైల్వే నడిపేవాడు. రెవరెండ్ పీటర్ డెన్నీ 1947 ప్రాంతంలో మొదలుపెట్టిన బకింగ్‌హామ్ శాఖామార్గంలో ఇంజన్లు, పెట్టెలు, స్టేషన్లు దాదాపు అన్నీ ఆయన చేతిపనే. బండి నడపాలంటే అవతలి స్టేషనులో గంట కొట్టి జవాబు చెప్పేవారు ఉండాలి. అవతలి చివర ఉండే కొడుకు ఇంట్లో లేనప్పుడు ఆ పని చేయడానికి ఆయన ఏకంగా ఒక యంత్రాన్నే కట్టాడు.

ఇంజను నుంచి దృష్టిని ఊరి మీదకు మళ్లించిన ఘనత జాన్ ఎహెర్న్‌ది. 1930ల చివర ఆయన మొదలుపెట్టిన మ్యాడర్ వ్యాలీ రైల్వేలో రైలు ఒక లోయ గుండా పోతుంది. ఆ లోయలో మిల్లు, సత్రం, వంగిన వీధి, రేవు ఉన్నాయి. అప్పటిదాకా నమూనా రైల్వే అంటే చుట్టూ తిరిగే పట్టాలు, మధ్యలో ఒక స్టేషను. ఎహెర్న్ వచ్చాక చుట్టూ ఉన్న ప్రదేశానిదే పెద్దపీట అయింది. ఇళ్ల నిర్మాణం మీద, ఇంజన్ల మీద, నేల మలచడం మీద ఆయన విడివిడిగా రాసిన పుస్తకాలు చాలాకాలం పాఠ్యగ్రంథాల్లా చెల్లాయి. 1961లో ఆయన మరణించాక మ్యాడర్ వ్యాలీని పెండన్ మ్యూజియంలో భద్రపరిచారు.

పెండన్

ఈ కళ అందుకున్న అత్యున్నత శిఖరం పెండన్ అంటే అతిశయోక్తి కాదు. ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండు వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడు బర్క్‌షైర్ ప్రాంతపు వైట్ హార్స్ లోయలోని గడ్డికప్పుల ఇళ్లను చూసి ముగ్ధుడయ్యాడు. కొద్ది ఏళ్లలోనే ఆ ఇళ్లు కూలుతూ, రూపు మారుతూ రావడం గమనించాడు. ఆపడం తన చేతిలో లేదు గనుక, వాటిని ఉన్నది ఉన్నట్లు చిన్నవిగా కట్టి నిలబెట్టాలనుకున్నాడు. ఊరూరా తిరిగి గోడలు కొలిచాడు, రంగులు రాసుకున్నాడు, ఫొటోలు తీసుకున్నాడు. 1954లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలో మ్యూజియం ఏర్పడింది. ఆయన 1995లో మరణించేదాకా అదే ఆయన లోకం.

అక్కడి స్కేలు అడుగుకు 4 మి.మీ. గోడలు అట్టవే. వాటి మీద ఇటుక వరుసలను మొద్దుమొనతో ఒత్తి, ఒక్కో ఇటుకకు విడివిడిగా నీటిరంగు వేస్తారు. పక్కపక్క ఇటుకల ఛాయ ఒకటి కాకూడదు. గడ్డికప్పుకు కుళాయి పనివారు బిగింపులకు చుట్టే జనపనారను చిన్న చిన్న కట్టలుగా అతికించి, అసలు కప్పు నేసేవారి పద్ధతిలోనే చూరు నుంచి మొదలుపెట్టి శిఖరం దాకా తీసుకుపోతారు. పెరటిలో కూరపాదులు సైతం ఆ ఋతువులో ఉండవలసినవే ఉంటాయి. ఒక ఇంటికి నెలలు, కొన్నిటికి ఏళ్లు పట్టడం అక్కడ మామూలు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంజన్లను గై విలియమ్స్ పదుల సంఖ్యలో చేసి ఇచ్చాడు. డార్ట్‌మూర్ దృశ్యంలోని ఎత్తైన చెక్క వంతెన ఇంజనీరు బ్రూనెల్ శైలిని కళ్లకు కట్టిస్తుంది. ఆ ప్రాంతపు 1930ల నాటి గ్రామీణ గృహనిర్మాణం మీద పరిశోధన చేసేవారికి ఈ నమూనాలు నేడు సాక్ష్యాలుగా పనికివస్తున్నాయి.

అమెరికాలో

మిల్వాకీలో ఎ.సి. కాల్మ్‌బాక్ 1934 జనవరిలో ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రిక స్థాపించాడు. మరుసటి ఏడాది అదే నగరంలో ఏర్పడిన ఎన్.ఎం.ఆర్.ఏ. సంఘం చక్రాలకు, పట్టాలకు ప్రమాణాలు నిర్ణయించింది. ఒక కంపెనీ బండి మరో కంపెనీ పట్టా మీద పోగలగడం దీనివల్లే సాధ్యమైంది. కీత్, డేల్ ఎడ్వర్డ్స్ అనే కవలలు స్థాపించిన కేడీ సంస్థ బండ్లను తమంతట తాము తగులుకునేలా, పట్టాల మధ్య అయస్కాంతం మీద విడిపోయేలా కొక్కేలు చేసింది.

ఫొటోగ్రాఫర్ జాన్ ఎలెన్ కాలిఫోర్నియాలోని మాంటెరేలో కట్టిన గోరీ అండ్ డిఫీటెడ్ రైల్వే నేల నుంచి పైకప్పు దాకా కొండలతో నిండి ఉండేది. గది చిన్నదైనా అక్కడక్కడా అద్దాలు నిలిపి లోయలను రెట్టింపు చేశాడు. అంతకంటే ముఖ్యం, ఆయన బండ్లు మురికిగా ఉండేవి. ఇంజను పొగగొట్టం చుట్టూ మసి, వ్యాగను అడుగున దుమ్ము, రేకు కప్పు అంచున తుప్పు, ఎండకు వెలిసిన పలకలు కనిపించేవి. కొత్తగా మెరిసేది బొమ్మలా కనిపిస్తుందనీ, వాడుకలో నలిగినదే నిజమనిపిస్తుందనీ ఆయన ఫొటోలు ఒక తరానికి నేర్పాయి. ‘వెదరింగ్’ అనే ఈ పద్ధతి లేకుండా ఇవాళ ఏ నమూనా పోటీకి రాదు. 1973 జనవరిలో ఎలెన్ గుండెపోటుతో మరణించాడు. కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ రైల్వే కాలిపోయింది. మిగిలినవి ఫొటోలు, వ్యాసాలు. ఆ దారిలోనే జార్జ్ సెలియోస్ 1967లో ఫైన్ స్కేల్ మినియేచర్స్ స్థాపించి, సన్నని చెక్క పుల్లలు, లోహపు పోతలు, ముద్రిత సైన్‌బోర్డులతో శిథిల భవనాల కిట్లు అమ్మాడు.

పదార్థాలు మారిన తీరు

యుద్ధానంతరం టోక్యోలోని టెన్షోడో వంటి సంస్థలు ఇత్తడి ఇంజన్లను చేతితో టంకం పెట్టి తయారుచేసి అమెరికాకు ఎగుమతి చేశాయి. వాటి మీది పంపులు, గంటలు, కవాటాలను మైనపు ప్రతిమ చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసి చేసేవారు. జపాన్‌లో కూలి పెరిగాక ఈ పని కొరియాకు తరలింది.

ప్లాస్టికు కట్టడాలను విరివిగా అందించినవారిలో జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లోని ఫాలర్ సోదరులు ప్రముఖులు. 1946లో మొదలైన వారి సంస్థ 1950లలో ప్లాస్టికు కిట్లకు మారింది. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ స్టేషను, సిగ్నల్ కేబిన్ల కిట్లు జేబుడబ్బులతో దొరికేవి. స్వయంగా చేసుకునేవారికి పాలిస్టైరిన్ పలకలు అట్టకు బదులు వచ్చాయి: కత్తితో గీసి విరిస్తే తెగుతుంది, ద్రావకం తాకిస్తే అంచులు కరిగి ఏకమవుతాయి, తేమకు ఉబ్బదు.

1970ల నుంచి వ్యాపించిన రసాయనపు చెక్కడం బండ్ల తయారీని మార్చేసింది. పెట్టె పక్కభాగాన్ని పెద్దదిగా గీసి ఫొటో తీస్తారు. కాంతికి గట్టిపడే పూత పూసిన ఇత్తడి రేకు మీద ఆ బొమ్మను పడనిచ్చి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతారు. పూత లేనిచోట లోహం తినివేయబడుతుంది. ఒకవైపు నుంచి సగం మందమే తిననిస్తే మడత గీతలు, తలుపు అంచులు వస్తాయి. కిటికీ ఊచకు ఇంతకంటే మంచి జవాబు ఇంకా రాలేదు.

ఆర్నాల్డ్ సంస్థ 1960ల ఆరంభంలో తెచ్చిన 9 మి.మీ. ‘ఎన్’ గేజి, మార్క్లిన్ 1972లో తెచ్చిన 6.5 మి.మీ. ‘జెడ్’ గేజి స్థలం లేనివారికి ఉపకరించాయి. ఇటీవలి దశాబ్దాలలో కంప్యూటర్ నియంత్రణ, లేజరు కోత, త్రీడీ ముద్రణ చేరాయి. హాంబర్గ్‌లో 2001లో ప్రారంభమైన మినియాటూర్ వుండర్‌లాండ్ పరిమాణంలో అన్నిటినీ మించింది.

భారతదేశంలో

న్యూఢిల్లీ జాతీయ రైలు మ్యూజియం 1977లోనూ, పుణెలో బి.ఎస్. జోషీ సేకరణతో సూక్ష్మ రైల్వే మ్యూజియం 1998లోనూ మొదలయ్యాయి. ఇంట్లో కట్టుకునేవారికి ఇక్కడ ఎదురయ్యే చిక్కు కూడా గేజిదే. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ.; హెచ్.ఓ.లో పట్టాల మధ్య 19 మి.మీ. పైగా ఉండాలి. బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టా విదేశీ ప్రామాణిక గేజి 1,435 మి.మీ.కు సరిపడేది. దాని మీద మన పెట్టె నిలబెడితే చక్రాలు ఇరుకున పడి, పెట్టె అటూఇటూ పొంగినట్లు కనిపిస్తుంది. చాలామంది దీనితో రాజీపడతారు.

తెలుగునాట చేయదగిన కట్టడాలకు కొదవలేదు. 1916 నాటి కాచిగూడ స్టేషను గుమ్మటాలు, మినార్లు ఏ నిపుణుడికైనా పరీక్షే. రాజమండ్రి వద్ద 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెనది వేరే సమస్య. దాని 56 గర్డర్లలో ఒక్కొక్కటి 45.7 మీటర్లు, హెచ్.ఓ.లో ఒక్కొక్కటి 525 మి.మీ. అవుతుంది. అన్నిటినీ పేర్చాలంటే 29 మీటర్లకు మించిన హాలు కావాలి. అందువల్ల ఇలాంటి వంతెనలను అయిదారు గర్డర్లకు కుదించడమే ఆచారం. గర్డరు ఎత్తు, స్తంభాల మధ్య ఎడం మాత్రం మార్చరు.