జార్జ్‌టౌన్ ఓట్ల పెట్టె

తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ ప్రజాజీవితం స్కూలు బోర్డులో మొదలైంది. అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని సమ్టర్ కౌంటీ విద్యాబోర్డులో 1950ల మధ్యలో ఆయనకు చోటు దక్కింది. అది ఎన్నికతో వచ్చిన పదవి కాదు, నియామకం. నౌకాదళం వదిలి సొంతూరు ప్లెయిన్స్‌కు తిరిగొచ్చి వేరుశనగ వ్యాపారం చూసుకుంటున్న రోజులవి.

నల్లవారి పిల్లలకూ తెల్లవారి పిల్లలకూ వేర్వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు 1954లోనే తేల్చింది. సమ్టర్‌లో మాత్రం ఏమీ మారలేదు. తెల్ల పిల్లలు వాడి పారేసిన పాఠ్యపుస్తకాలే నల్ల పిల్లలకు చేరేవి. బోర్డు సభ్యుడిగా బడులు చూడ్డానికి వెళ్లాకే ఈ తేడా ఎంత ఘోరమో తనకు తెలిసొచ్చిందని కార్టర్ తర్వాత రాసుకున్నారు. అయినా బడులు కలపాలని బోర్డులో ఆయన గట్టిగా పట్టుబట్టింది లేదు. ఆ మౌనాన్ని దాచిపెట్టి ఆయన చరిత్ర చెప్పడం న్యాయం కాదు. అదే మనిషి, బడులు కలపడాన్ని వ్యతిరేకిస్తూ ఊళ్లోని తెల్లవారంతా చేరుతున్న వైట్ సిటిజన్స్ కౌన్సిల్‌లో మాత్రం చేరనన్నారు. అందుకు కొందరు ఆయన దగ్గర సరుకు కొనడం మానేశారు.

1961 నాటికి ఆయనే బోర్డు చైర్మన్. అమెరికస్ పట్టణ బడుల్నీ కౌంటీ బడుల్నీ ఒకే పాలన కిందికి తెస్తే చదువు బాగుపడుతుందని ఊరూరా తిరిగి చెప్పారు. ఓటింగ్‌లో ప్రతిపాదన వందలోపు తేడాతో వీగిపోయింది. సొంతూరు ప్లెయిన్సే కాదంది. ఓట్ల కోసం జనం ముందుకు వెళ్లిన తొలిసారే ఆయనకు ఎదురైంది ఓటమి.

మరుసటి ఏడాది కోర్టు తీర్పులు జార్జియా రాజకీయాన్ని కుదిపేశాయి. అప్పటిదాకా అక్కడ కౌంటీ యూనిట్ పద్ధతి నడిచేది, అంటే రాష్ట్రస్థాయి పోటీల్లో గెలుపు తేల్చేది ఓటర్ల లెక్క కాదు, కౌంటీలకిచ్చిన యూనిట్ల లెక్క. 5 లక్షలకు పైగా జనమున్న ఫుల్టన్ కౌంటీకి 6 యూనిట్లయితే, రెండున్నర వేలమంది కూడా లేని క్విట్‌మన్ కౌంటీకి 2. చిన్న కౌంటీని గుప్పిట్లో పెట్టుకున్న పెత్తందారు రాష్ట్రాన్నే ఆడించగలిగేవాడు. ఆ పద్ధతి కూలి, రాష్ట్ర సెనేట్ స్థానాల హద్దులు మారాయి. 1962 అక్టోబరు 1న, తన 38వ పుట్టినరోజున, కార్టర్ పొలం బట్టలకు బదులు మంచి ప్యాంటు తొడుక్కుని అమెరికస్ వెళ్లి అభ్యర్థిగా పేరిచ్చారు. ఆ పని మీద వెళ్తున్నట్టు భార్య రోజలిన్‌కు తెలిసింది బయలుదేరే ముందే.

డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీకి రెండు వారాలే గడువు. ఆ రోజుల్లో జార్జియాలో ప్రైమరీ గెలిస్తే అసలు ఎన్నిక గెలిచినట్టే. ప్రత్యర్థి రిచ్‌లండ్ వ్యాపారి హోమర్ మూర్.

పోలింగ్ నాడు క్విట్‌మన్ కౌంటీ కేంద్రం జార్జ్‌టౌన్‌లో రహస్య ఓటు మాటే లేదు. స్థానిక పెత్తందారు జో హర్స్ట్ దగ్గరుండి, తన కళ్లముందే మూర్‌కు ఓట్లు వేయించాడు. ఇదంతా కార్టర్ తరఫు మనిషి కళ్లారా చూశాడు. రాత్రికి లెక్క తేలింది: 139 ఓట్లతో కార్టర్ ఓటమి.

ఆయన ఒప్పుకోలేదు. అట్లాంటా జర్నల్ విలేఖరి జాన్ పెన్నింగ్టన్ వచ్చి ఊరంతా ఆరా తీశాడు. చనిపోయినవారు ఓటేశారు, జైల్లో ఉన్నవారూ ఓటేశారు. 117 మంది ఓటర్లయితే అచ్చంగా అక్షరక్రమంలో వరసకట్టి వచ్చినట్టు జాబితా చెబుతోంది. న్యాయవాది చార్ల్స్ కర్బో వాదించగా, జడ్జి కార్ల్ క్రో సమక్షంలో పెట్టె తెరిచారు. వేర్వేరు చేతులు మడిచి వేయాల్సిన బ్యాలెట్లు వందకు పైగా ఒకే చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండుతో కనిపించాయి. ఓటేసినవారు 333 మంది, బ్యాలెట్లు 420! జడ్జి ఆ పెట్టెను లెక్కలోంచి తీసేశారు. దాంతో కార్టర్‌కు 65 ఓట్ల ఆధిక్యం వచ్చింది.

గొడవ అక్కడితో ఆగలేదు. నవంబరు 6న అసలు ఎన్నికనగా ముందురోజు రాత్రి, బ్యాలెట్ మీద ఇద్దరి పేర్లూ కొట్టేసి ఓటరే తన అభ్యర్థి పేరు రాయాలని మరో జడ్జి ఆదేశించారు. అలాంటి గందరగోళంలోనూ కార్టర్ 831 ఓట్లతో నెగ్గారు. ఈ కథంతా ఆయన 1992లో ‘టర్నింగ్ పాయింట్’ పేరుతో పుస్తకంగా రాశారు.

సెనేట్‌లో ఆయన తొలి ప్రసంగం 30 ప్రశ్నల పరీక్షకు వ్యతిరేకంగా సాగింది. నల్లవారిని ఓటర్ల జాబితాలోకి రానివ్వకుండా పెట్టిన పరీక్ష అది. 1966లో గవర్నర్ పదవికి పోటీచేసి ప్రైమరీలో మూడో స్థానంలో ఆగిపోయారు. 1970లో గెలిచారు కానీ, ఆ ప్రచారంలో జాతి వివక్షను సమర్థించే ఓటర్లను మచ్చిక చేసుకున్నారు. ఆయన ఎన్నికల రికార్డులో మనసుకు కష్టం కలిగించే భాగం అదే. 1971 జనవరిలో ప్రమాణం చేస్తూ, జాతి వివక్షకు కాలం చెల్లిందని అదే ఓటర్ల ముందు ప్రకటించారు. 1979 అక్టోబరులో, అధ్యక్షుడి హోదాలో, దేశానికి ప్రత్యేక విద్యాశాఖను ఏర్పాటుచేసే చట్టం మీద సంతకం చేశారు.